‘గుడ్’ అని రాసిందెవరు?

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అని సామెత. ప్యానెళ్లు తయారయ్యే రోజుల్లో ఏ ఆఫీసుకెళ్లినా ఈ సామెత వినిపిస్తుంది. టీ బంకు దగ్గర, యూనియన్ ఆఫీసు వరండాలో, రిటైరైన సూపరింటెండెంట్ల కబుర్లలో. విన్నవాళ్లు నవ్వుతారు. ఎవరికీ కోపం రాదు. అది లౌక్యం, లోకం తీరు అనుకుంటారు. మనం మాత్రం ఒకసారి ఆగి దీన్ని చదవాలి. ఇందులో ఒక బంతి ఉంది, వడ్డించేవాడున్నాడు, చివర కూర్చున్నవాడున్నాడు. అందరూ పంక్తిలో కూర్చోవడానికి అర్హత ఉన్న కులాలవాళ్లే. ఈ సామెత పుట్టిననాడు మాల మాదిగలు బంతిలో లేరు. పందిరి అవతల ఎంగిలి విస్తళ్లు పడేసే చోట ఉన్నారు. చివర కూర్చున్నవాడి దిగులు మీద సామెత పుట్టింది గానీ, అవతల నిలబడ్డవాడి ఆకలి మీద పుట్టలేదు.

ఆ అవతల నిలబడ్డవాడు రాజ్యాంగం చేతబట్టుకుని లోపలికొచ్చి ఒక విస్తరి ముందు కూర్చున్నాడు. అప్పట్నించీ ఈ పెద్దమనుషుల నోట ఇంకో మాట వినిపిస్తోంది: ప్రతిభ. మనవాడు మనవాడికి వడ్డించుకోవడం లౌక్యం. రోస్టరు పాయింటు మీద ఒక ఎస్సీ సీనియర్ అసిస్టెంటు సూపరింటెండెంటు అయితే అది ప్రతిభకు అన్యాయం. ఒకే వరండాలో, ఒకే నోటితో, పది నిమిషాల తేడాలో ఈ రెండు మాటలూ చెప్పగలిగినవాళ్లని నేను చాలామందిని చూశాను. వాళ్లు అబద్ధమాడుతున్నామని అనుకోరు. ఆ రెండూ వాళ్లకి ఒకదానికొకటి అడ్డం రావు. అసలు సంగతి అక్కడే ఉంది.

కాబట్టి దళితులకి ప్రమోషన్లలో రిజర్వేషన్ ఉండాలా వద్దా అనే పాత ప్రశ్నని కాసేపు పక్కన పెడదాం. దానికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. అసలు ఎవరికైనా ప్రమోషన్ ఎందుకొస్తుంది?

పని బాగా చేస్తే వస్తుందంటారు. ఆఫీసు లోపల పనిచేసినవాళ్లెవరూ దీన్ని పూర్తిగా నమ్మరు. ప్రమోషన్ ఇచ్చే కమిటీ ఎవరి పనినీ కళ్లారా చూడదు. దాని ముందుండేవి కాగితాలు. సీనియారిటీ జాబితా, పాసైన టెస్టుల వివరం, పెండింగులో ఉన్న ఛార్జిమెమోలు, వార్షిక రహస్య నివేదికలు. సీనియారిటీతో పాటు తగిన అర్హత ఉంటే చాలనే పోస్టుల్లో ఈ నివేదికల బరువు తక్కువ. పైకి పోయేకొద్దీ సెలక్షన్ పోస్టులొస్తాయి, నివేదిక బరువు పెరుగుతుంది. అంటే ప్రమోషన్ వచ్చేది పనికి కాదు, పని గురించి ఎవరో రాసిన రాతకి. మరి ఆ రాతని మనం ఎప్పుడన్నా చదివామా?

దళిత సాహిత్య విమర్శ మనకి ఒక పద్ధతి నేర్పింది. ఏ రచన చేతికొచ్చినా ఎవరు రాశారు, ఎవరి గురించి రాశారు, ఎవరు చదవాలని రాశారు అని అడగడం. కథలకీ కవితలకీ ఈ ప్రశ్నలు వేశాం. పురాణాలకి వేశాం. కానీ మన ఉద్యోగుల బతుకుల్ని ఏ రామాయణం కన్నా ఎక్కువగా శాసించే ఒక రచనకి వేయలేదు. ఉద్యోగుల భాషలో దాని పేరు సి.ఆర్. తెల్లదొరల పాలన నుంచి మనకి సంక్రమించిన ప్రక్రియ. పై అధికారి రాస్తాడు, ఆపై అధికారి సరిచూస్తాడు, కమిటీ చదువుతుంది. ఎవరి గురించి రాశారో ఆ మనిషి మాత్రం చదవడానికి వీల్లేదు. చాలాకాలం పాటు వ్యతిరేకంగా రాసిన మాటల్ని మాత్రమే ఉద్యోగికి తెలియజేసేవాళ్లు. మిగతాదంతా గోప్యం. శూద్రుడూ అతిశూద్రుడూ వేదం వినకూడదన్న నియమం తెలిసిన దేశంలో, తన గురించి రాసింది తనే చదవకూడదన్న నియమం ఎవరికీ వింతగా తోచలేదు.

ఈ రచన భాష చూడండి. ఇందులో నాలుగైదు విశేషణాలే ఉంటాయి: ఔట్‌స్టాండింగ్, వెరీగుడ్, గుడ్, యావరేజ్. బడిలో మాస్టారు మన పిల్లాడి పలక మీద గుడ్ అని రాస్తే ఇంటికి తెచ్చి చూపిస్తాడు. ఆఫీసులో గుడ్ అని రాస్తే ఉద్యోగం అక్కడే ఆగిపోతుంది. ఇది అతిశయోక్తి కాదు. సరిహద్దు రోడ్ల సంస్థలో పనిచేసిన దేవ్‌దత్ అనే ఇంజనీరు కేసు ఇదే. సూపరింటెండింగ్ ఇంజనీరు కావాలంటే ఐదేళ్ల నివేదికలూ కనీసం వెరీగుడ్ ఉండాలి. ఆయనకి 1993-94 సంవత్సరానికి మాత్రం గుడ్ అని పడింది. అది వ్యతిరేక వ్యాఖ్య కాదు కాబట్టి ఆయనకి చెప్పనే లేదు. ఆ ఒక్క మాటతో పోటీలోంచి తప్పించారు. 2008 మేలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: అందరికీ వెరీగుడ్ కావాల్సిన చోట గుడ్ అనేది చెడ్డ మాటే, కాబట్టి నివేదికలో ఏం రాసినా ఉద్యోగికి తెలియజేయాల్సిందే అని. తీర్పొచ్చేసరికి ఆయన రిటైరయ్యాడు. 2013లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం కూడా ఇదే మాట ఖాయం చేసింది.

ఇది కులం కేసు కాదు. అందుకే ముందు దీన్ని చెబుతున్నాను. కులం ఊసు లేకుండానే ఈ రచన ఇంత పని చేయగలదు. పొగిడినట్టే కనిపిస్తూ తొక్కగలదు. దీనికి కులం తోడైతే ఏం చేయగలదో వేరే చెప్పక్కర్లేదు. తిట్టు రాస్తే ఉద్యోగికి తెలియజేయాలి, అతను జవాబిస్తాడు, గొడవ. గుడ్ అని రాస్తే గొడవ లేదు. కులం పేరు పెట్టి తిడితే అట్రాసిటీ కేసు అవుతుంది. గుడ్ అని రాస్తే ఏ చట్టమూ పట్టుకోదు. రాసినవాడికి కూడా తాను అన్యాయం చేశాననిపించదు. ‘బాగానే రాశాను గదా’ అంటాడు. నిజంగానే అనుకుంటాడు.

విశేషణాల పక్కన రెండు మూడు వాక్యాల వర్ణన ఉంటుంది. నేను కొంతకాలం ఒక ఆఫీసు సిబ్బంది సెక్షన్లో ఉన్నాను, పాత ఫైళ్లు చేతిమీదుగా పోయేవి. ఆ వాక్యాల్లో ఒక వ్యాకరణం ఉందని అప్పుడే అనిపించింది. ఒకరికి ‘చొరవ ఉంది’, ‘నలుగురినీ కలుపుకుపోతాడు’ అని రాస్తారు. ఇంకొకరికి ‘చెప్పిన పని చేస్తాడు’, ‘విధేయుడు’ అని రాస్తారు. రెండూ మెచ్చుకోళ్లే. కానీ మొదటిది ముందు ముందు ఆఫీసరు కాబోయేవాడి గురించి, రెండోది ఎప్పటికీ పనివాడుగా ఉండబోయేవాడి గురించి. పాలేరుని కూడా అట్లాగే మెచ్చుకునేవాళ్లు గదా. మీటింగులో లేచి ప్రశ్న వేస్తే ఒకరిది నాయకత్వ లక్షణం, మరొకరిది ‘సున్నిత స్వభావం’, ‘సర్దుకుపోయే గుణం తక్కువ’. ఆ మరొకరు దళిత స్త్రీ అయితే, ఆమె అడిగింది మరుగుదొడ్డి గురించే అయినా, ‘కార్యాలయ వాతావరణానికి ఇబ్బంది’.

అంబేద్కర్ కొలంబియాలో చదువుకొచ్చి 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరినప్పుడు అక్కడి బంట్రోతులు ఫైళ్లు ఆయన బల్లమీదకి దూరం నుంచి విసిరేసేవాళ్లని జీవితచరిత్రల్లో ఉంది. ఉండడానికి ఇల్లు దొరక్క కొద్దిరోజులకే వచ్చేశాడు. ఆయన మీద ఆ ఏడాది సి.ఆర్. రాయాల్సొస్తే ఏం రాసేవాళ్లో ఊహించండి. ‘చదువుకున్నవాడే గానీ, కలుపుగోలుతనం తక్కువ. ఉద్యోగంలో నిలకడ లేదు.’

ఇంకో సంగతి. కేంద్ర ప్రభుత్వ అధికారుల నివేదికల్లో ఒక గడి ఉంటుంది: ఎస్సీ, ఎస్టీ, బలహీన వర్గాల పట్ల ఈ అధికారి వైఖరి ఎట్లా ఉంది అని. కాగితం మీద ఎంత మంచి ఏర్పాటో చూడండి. అయితే దాన్ని నింపేది ఎవరు? పై అధికారి. దళిత అటెండరుని అడగరు. దళిత గుమాస్తాని అడగరు. బలహీనుల పట్ల వైఖరి గురించి బలవంతుడు బలవంతుడికిచ్చే సర్టిఫికెట్ అది. అందులో ‘సానుభూతి కలవాడు’ అనే మాట తప్ప ఇంకో మాట ఎప్పుడన్నా పడిందా అని నా అనుమానం.

ఇక్కడిదాకా నివేదిక గురించి చెప్పాను. కానీ నివేదిక రాయకముందే జరిగే సంగతి ఇంకొకటుంది. దాని గురించి మన సంఘాలు కూడా పెద్దగా మాట్లాడవు. అది సెక్షన్ల పంపకం.

నేను లెక్చరరు కాకముందు ఒక ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా చేశాను. చేరిన రోజు సూపరింటెండెంటు గారు మర్యాదగానే కూర్చోబెట్టి, ‘ఏమయ్యా, కొత్తవాడివి, తపాలు చూసుకో, తేలిగ్గా ఉంటుంది’ అన్నారు. తపాలు అంటే వచ్చిన కాగితాలకి నంబర్లు వేసి రిజిస్టర్లో ఎక్కించడం, పోయేవాటిని కవర్లలో పెట్టి పంపడం. అది తేలికే. నాలుగేళ్లు తేలిగ్గానే గడిచింది. నా తర్వాత చేరిన ఇద్దరు ఒకరు అకౌంట్సులో, ఇంకొకరు ఎస్టాబ్లిష్‌మెంట్లో కూర్చున్నారు. వాళ్లు నోట్ ఫైలు రాయడం నేర్చుకున్నారు, బడ్జెట్ నేర్చుకున్నారు, ఆడిట్ అభ్యంతరాలకి జవాబు రాయడం నేర్చుకున్నారు, కలెక్టరేటుకి ఫైలు పట్టుకెళ్లి పెద్దవాళ్ల కంట్లో పడ్డారు. ఐదో ఏడు నేను అకౌంట్సు అడిగితే అదే సూపరింటెండెంటు గారు నిజమైన బాధతో, ‘నీకు అనుభవం లేదు గదయ్యా’ అన్నారు. పని ఇవ్వనివాడే పని రాదంటాడు. ఆ ఆఫీసులో రికార్డు రూములో ఉన్నది మనవాళ్లే, స్టోర్సులో ఉన్నదీ మనవాళ్లే. ఎవరూ ఉత్తర్వు వేసి అట్లా పెట్టలేదు. వెలివాడకి కూడా ఎవరూ ఉత్తర్వు వేయలేదు.

ఈ సెక్షన్ల పంపకం డిపార్ట్‌మెంటల్ టెస్టుల మీద కూడా పడుతుంది. వాటిలో కొన్ని పేపర్లు పుస్తకాలు దగ్గర పెట్టుకుని రాయొచ్చు. పుస్తకం చూసి రాసే పరీక్షలో కూడా ఫెయిలవుతారా అని మనవాళ్లని చూసి నవ్వినవాళ్లున్నారు. ఆ పుస్తకం పట్టుకున్నవాడికి తెలుసు సంగతి. ఏ నిబంధన ఏ పేజీలో ఉందో మూడు గంటల్లో వెతుక్కోవాలంటే ఆ నిబంధనతో రోజూ పని పడి ఉండాలి. తపాలు సెక్షన్లో ఆర్థిక నియమావళితో ఏం పని?

కేరళ రిజిస్ట్రేషన్ శాఖలో జరిగింది ఇదే గొడవ. టెస్టులు పాసవడానికి ఎస్సీ ఎస్టీ ఎల్.డి. క్లర్కులకి 1972లో ప్రభుత్వం రెండేళ్లు గడువిచ్చింది. ఆ ఏడాది యు.డి. క్లర్కుల ఖాళీలు 51 ఉంటే, గడువు దొరికిన ఎస్సీ ఎస్టీలకి 34 వచ్చాయి. థామస్ అనే ఉద్యోగి కోర్టుకెళ్లాడు. హైకోర్టు ఆయన పక్షాన నిలిచింది. 1975లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు మాత్రం ప్రభుత్వ ఉత్తర్వుని నిలబెట్టింది, సమానత్వం అంటే అందరినీ ఒకే గీత మీద నిలబెట్టడం కాదని. మన ఉద్యోగ సంఘాలు ఈ తీర్పుని ఇప్పటికీ గౌరవంతో తలుచుకుంటాయి, సబబే. నన్ను ఆపింది మాత్రం 34 అనే అంకె. అంతమంది ఒక్కసారిగా పైకొచ్చారంటే, అంతమంది అన్నాళ్లు కింద ఆగిపోయి ఉన్నారన్నమాట. అదే ఆఫీసులో, అదే పని చేస్తూ. ఆ ఆగిపోయిన ఏళ్ల గురించి ఎవరూ రిట్ వేయలేదు.

కోర్టుల భాష దగ్గరికొద్దాం. కేంద్ర ఉద్యోగాల్లో ఎస్సీ ఎస్టీలకి ప్రమోషన్లలో రిజర్వేషన్ 1955 నుంచే ఉంది. దక్షిణ రైల్వే మీద రంగాచారి వేసిన కేసులో 1961లో సుప్రీంకోర్టు, ముగ్గురు ఒకవైపు ఇద్దరు ఒకవైపుగా చీలి, అది చెల్లుతుందంది. 1992 నవంబరు 16న మండల్ కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెల్లదంది. ప్రధాన తీర్పు రాసింది మన తెలుగువారే, జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. బీసీ రిజర్వేషన్లని నిలబెట్టిన తీర్పు అది, ఆ మేలు మరువలేం. కానీ ప్రమోషన్ల దగ్గరికొచ్చేసరికి ఆ తీర్పులో వాదన ఎట్లా నడిచిందో చదవండి. ప్రమోషన్లో కూడా రిజర్వేషన్ ఉంటే ఆ వర్గాలవాళ్లు తమలో తాము తప్ప ఇంకెవరితోనూ పోటీ పడక్కర్లేదట, పైకొస్తామన్న ధీమాతో కష్టపడాలన్న కోరిక పోతుందట, అది చూసి మిగతావాళ్లకి గుండె మండుతుందట. ఆ పైన ప్రతిభ ఒక్కటే చూడాల్సిన పోస్టుల జాబితా ఒకటి: విమానాలు నడిపే పైలట్లు, అణు, అంతరిక్ష పరిశోధనలో సాంకేతిక పదవులు, ప్రొఫెసర్లు, ఇట్లా.

దీన్ని న్యాయశాస్త్రంగా చదివేవాళ్లు చదువుతారు. నేను సాహిత్యం చెప్పుకునేవాణ్ణి కాబట్టి ఇందులో పాత్రలెవరో చూస్తాను. ఒకవైపు సోమరి కాబోయే ఉద్యోగి ఉన్నాడు. అతను ఊహ. 1955 నుంచి 1992 దాకా ముప్ఫై ఏడేళ్లు ఈ రిజర్వేషన్ నడిచింది గదా, ఆ ఏళ్లలో ఏ ఆఫీసులో ఏ పని పాడైందో లెక్క చూపించొచ్చు. తీర్పు అట్లాంటి లెక్క మీద నిలబడలేదు. రెండోవైపు గుండె మండే ఉద్యోగి ఉన్నాడు. అతను మాత్రం నిజం, అతని మంట రాజ్యాంగ వ్యాఖ్యానంలో చోటు సంపాదించుకుంది. తపాలు సెక్షన్లో ఏళ్లు గడిపినవాడి గుండె సంగతి ఏమిటి? అతనికి మంట ఉండదు, ఉంటే అది ‘సర్దుకుపోయే గుణం తక్కువ’.

ఆ తర్వాత నడిచిన కథ ఈ పత్రిక చదివేవాళ్లకి కొత్త కాదు. 1995లో 77వ సవరణతో పార్లమెంటు 16(4ఎ) తెచ్చింది. అదే ఏడాది రైల్వే గార్డుల కేసులో సుప్రీంకోర్టు, ముందు ప్రమోషన్ వచ్చిన దళితుడి సీనియారిటీని తర్వాత వచ్చిన జనరల్ ఉద్యోగి అందుకోవచ్చంది. 1999లో అజిత్‌సింగ్ కేసులోనూ అదే మాట. దాన్ని సరిచేయడానికి 2001లో 85వ సవరణ. అర్హత మార్కులు సడలించడానికి వీలుగా 335వ అధికరణకి 2000లో చేసిన సవరణ వేరే. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర ఉద్యోగులకి ప్రమోషన్లలో రిజర్వేషన్ ఉత్తర్వులు 2003లో వచ్చాయి. 2006లో నాగరాజ్ తీర్పు సవరణల్ని ఉంచింది గానీ మూడు లెక్కలు అడిగింది: వెనకబాటు, చాలినంత ప్రాతినిధ్యం లేకపోవడం, పాలనా సమర్థత దెబ్బతినకపోవడం. దాన్ని దాటడానికి తెచ్చిన 117వ సవరణ బిల్లు 2012 డిసెంబరులో రాజ్యసభలో నెగ్గి లోక్‌సభలో ఆగిపోయింది. 2018లో జర్నైల్‌సింగ్ తీర్పు వెనకబాటు లెక్క అక్కర్లేదంటూనే క్రీమీలేయర్ అనే కొత్త గడప కట్టింది.

లెక్కలు అడగడం తప్పని నేననను. ఇంకా అడగాలంటాను. సమర్థత లెక్క కావాలా? అశ్విని దేశ్‌పాండే, థామస్ వైస్‌కాఫ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1980 నుంచి 2002 దాకా భారత రైల్వేల వివరాలు తీసుకుని ఈ పనే చేశారు. 2014లో అచ్చైంది. ఎస్సీ ఎస్టీ ఉద్యోగులు ఎక్కువైనచోట ఉత్పాదకత తగ్గిందనడానికి ఆధారం దొరకలేదు. పై తరగతి ఉద్యోగాల్లో వాళ్ల వాటా పెరిగినచోట కొంత మెరుగైన జాడలే కనిపించాయి. ప్రాతినిధ్యం లెక్క కావాలా? 2011లో కేంద్రంలో కార్యదర్శి స్థాయి అధికారులు 149 మంది. అందులో ఎస్సీ ఒక్కరూ లేరు. అదనపు కార్యదర్శులు 108 మందిలో ఇద్దరు. ఐ.ఎ.ఎస్. వడపోత దాటి వచ్చినవాళ్లు వీళ్లు, దేశంలో అంతకన్నా కష్టమైన పరీక్ష లేదని మీరే అంటారు. ఆలస్యంగా సర్వీసులో చేరతారు కాబట్టి ఆ స్థాయికి రాకుండానే రిటైరవుతారని ఒక సమాధానం చెబుతారు. అందులో కొంత నిజముంది. మిగతా నిజం ఎంప్యానెల్‌మెంట్ అనే చోట ఉంది. తోటివాళ్లనీ కిందివాళ్లనీ వాకబు చేసి అభిప్రాయం తెలుసుకునే పద్ధతి ఆ మధ్య అక్కడ మొదలుపెట్టారు. అది పారదర్శకం కాదు, వ్యక్తుల ఇష్టాయిష్టాల మీద ఆధారపడిందని పార్లమెంటు కమిటీయే 2017లో తప్పుపట్టింది.

ఇన్ని తీర్పుల్లో ఒక లెక్క మాత్రం అడిగినట్టు నాకు కనిపించలేదు. నివేదికలు రాసేవాళ్ల లెక్క. పదేళ్లలో ఒక శాఖలో ఎవరు ఎవరికి ఔట్‌స్టాండింగ్ ఇచ్చారు, ఎవరికి గుడ్ ఇచ్చారు, కులాలవారీగా. సమర్థత గురించి అంత బెంగ ఉన్నవాళ్లు సమర్థతని కొలిచే కొలబద్దని ఒకసారి పరీక్షించాలి గదా. తూకం వేసేవాడి రాళ్లు తనిఖీ చేయకుండా సరుకు మీదే అనుమానమా? 2019లో పవిత్ర కేసు తీర్పులో జస్టిస్ చంద్రచూడ్ కొంత దూరం వచ్చారు. కర్ణాటక చట్టాన్ని నిలబెడుతూ, సమర్థత అంటే కొందరి కొలత కాదు, సమాజంలో అందరికీ చోటివ్వడం కూడా అందులో భాగమే అన్నారు. మంచి మాట. అయితే ఆ మాట ఇంకా తీర్పు పుస్తకం దిగి ఆఫీసు బల్ల దగ్గరికి రాలేదు.

మనవైపు కూడా చూసుకుందాం. మన ఉద్యోగ సంఘాలు రోస్టరు కోసం, సీనియారిటీ కోసం చేసిన పోరాటం చిన్నది కాదు. ఆ సవరణలు ఊరికే రాలేదు. కానీ పోరాటమంతా జాబితాల చుట్టూ తిరిగింది. సెక్షన్ల పంపకం, నివేదిక, ఛార్జిమెమో వ్యక్తిగత వ్యవహారాలైపోయాయి. ‘ఆయనకీ బాసుకీ పడలేదు’ అని వదిలేశాం. రోస్టరు పాయింటు ఎస్సీకి వచ్చినప్పుడు ఆ పోస్టు ఖాళీగా ఉంచి పూర్తి అదనపు బాధ్యతల పేరుతో వేరొకరిని ఏళ్ల తరబడి కూర్చోబెడతారు. ఆ ఇన్‌ఛార్జికి అనుభవం వస్తుంది, మనవాడికి ‘అర్హులు దొరకలేదు’ అనే మాట వస్తుంది. ఇదీ అట్లా వదిలేసినదే.

కలం మన చేతికొచ్చినప్పుడు మనం ఏం చేశాం? ఈ మాట రాయడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. కాలేజీలో శాఖాధిపతిగా ఉన్నప్పుడు మొదటిసారి నేను నివేదికలు రాయాల్సొచ్చింది. ఒక కుర్ర దళిత లెక్చరరు, మంచి పాఠం చెబుతాడు, పిల్లలు ఇష్టపడతారు, స్టాఫ్ మీటింగుల్లో మాత్రం నాతో సహా అందరితో వాదిస్తాడు. అతనికి గుడ్ అని రాశాను. ‘ఎక్కువ ఇస్తే మనవాడికి ఇచ్చుకున్నాడంటారు’ అని నాకు నేను చెప్పుకున్నాను. వాళ్లు మనవాడికి వడ్డిస్తే లౌక్యం, నేను నా ముందున్న నిజం రాయడానికే భయపడ్డాను. అతను కాపీ తీసుకుని నా గదికొచ్చి, ‘సార్, ఇది మీరు రాసిందేనా?’ అని అడిగాడు. ఇంకేమీ అనలేదు. ఆ ఏడాది రాతని మార్చే అధికారం అప్పటికే నా చేతుల్లో లేదు. పై అధికారికి నేనే ఉత్తరం రాశాను, అతని అర్జీతో పాటు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. మనం ఇంతసేపు మాట్లాడింది నిచ్చెన ఉన్న ఉద్యోగాల గురించి. 1990లో మండల్‌కి వ్యతిరేకంగా చదువుకున్న పిల్లలు రోడ్లూడ్చారు, బూట్లు పాలిష్ చేశారు, మా గతి ఇదేనా అని చూపించడానికి. ఆ పని రోజూ చేసేవాళ్ల గతి గురించి ఆ చీపుర్లు ఏమీ చెప్పలేదు. మన మున్సిపాలిటీల్లో తెల్లారుజామున వీధులూడ్చే మాదిగ, రెల్లి ఆడవాళ్లలో ఎక్కువమంది ఇప్పుడు కాంట్రాక్టు కింద, ఔట్‌సోర్సింగ్ కింద ఉన్నారు. వాళ్లకి సీనియారిటీ జాబితా లేదు, సర్వీసు రిజిస్టరు లేదు, సి.ఆర్. లేదు. ఇరవై ఏళ్లు ఊడ్చినా చేరిన రోజు ఉన్నచోటే. ప్రమోషన్లలో రిజర్వేషన్ అనే మాట వాళ్ల దగ్గరికి వెళ్లనే వెళ్లదు, పోస్టే లేదు కాబట్టి. మన సంఘాల మహాసభల తీర్మానాల్లో వాళ్లు చివరి పేరాలో ఉంటారు. ఈ వ్యాసంలోనూ చివర్లోనే వచ్చారు, చూశారా.

చేయగలిగిన పని ఒకటుంది. కేంద్ర ఉద్యోగులకి నివేదిక పూర్తి కాపీ ఇవ్వాలని 2009లోనే ఉత్తర్వులున్నాయి, అభ్యంతరం చెప్పుకోవడానికి పదిహేను రోజుల గడువుంది. ఇప్పుడు మాటలతో పాటు పదికి ఇన్ని అని అంకెలు కూడా వేస్తారు. అంకెలైతే కూడొచ్చు, పోల్చొచ్చు. ఎవరి పేరూ బయటపెట్టకుండా కులాలవారీగా సగటు అడగొచ్చు. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. సెక్షన్ల కేటాయింపు గోప్యం కూడా కాదు, గోడకి అంటించే కాగితమే.

మా జిల్లాలో ముగ్గురు మిత్రులం కిందటేడు మూడు ఆఫీసులకి దరఖాస్తు పెట్టాం. గత పదేళ్లలో ఏ సెక్షన్లో ఎవరెవరు ఎంతకాలం ఉన్నారు, అందులో ఎస్సీ ఎస్టీలు ఎందరు అని. రెండు ఆఫీసుల నుంచి జాబితాలొచ్చాయి. కూర్చుని లెక్క కడుతున్నాం. మూడో ఆఫీసు నుంచి, అట్లాంటి రిజిస్టరు తాము నిర్వహించడం లేదని జవాబొచ్చింది. దాని మీద అప్పీలు వేశాం. ఆ కాగితం అందినట్టు ముద్ర వేసి ఇచ్చింది తపాలు సెక్షన్లో ఉన్న కుర్రాడు. నంబరు రాసిస్తూ, ‘అన్నా, జవాబొస్తే నాకూ ఒక కాపీ ఇవ్వండి’ అన్నాడు.